తిమింగలానికి బల్లి పేరెలా వచ్చింది?

బాసిలోసారస్ అనే పేరు వినగానే ఎవరైనా డైనోసార్ అనే అనుకుంటారు. పిల్లల బొమ్మల పుస్తకాల్లో కూడా దాన్ని తరచూ డైనోసార్ల పక్కనే వేస్తుంటారు. గ్రీకు మాటల ప్రకారం ఆ పేరుకు ‘బల్లుల రాజు’ అని అర్థం. నిజానికి అది బల్లి కాదు, డైనోసార్ కూడా కాదు. డైనోసార్లు అంతరించిన రెండున్నర కోట్ల ఏళ్ళ తర్వాత, అంటే ఇప్పటికి సుమారు 4 కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో బతికిన తిమింగలం. 15 నుంచి 20 మీటర్ల పొడవుతో, పాములా సాగిన ఒళ్ళుతో ఉండేది.

ఆ పేరు పెట్టింది రిచర్డ్ హార్లన్ అనే ఫిలడెల్ఫియా డాక్టరు, 1834లో. ఐదేళ్ళు తిరిగేసరికి అది పొరపాటని తేలిపోయింది. అయినా పేరు మాత్రం ఇవాళ్టికీ అదే. ఈ కథను చాలామంది ‘పాతకాలపు డాక్టరొకాయన తిమింగలాన్ని బల్లి అనుకున్నాడట’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది చదివినప్పుడల్లా నాకు హార్లన్‌కు అన్యాయం జరుగుతోందనిపిస్తుంది. ఆయన ఎందుకు అలా అనుకున్నాడు, ఆ సంగతి ఎలా బయటపడింది, తప్పని తెలిశాక కూడా పేరు ఎందుకు మార్చలేదు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. విడదీసి చూస్తే గానీ ఆయన చేసిన పని విలువ తెలియదు.

హార్లన్ 1796లో ఫిలడెల్ఫియాలో, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టాడు. వైద్యం చదువుతుండగానే ఓడలో సర్జన్‌గా కలకత్తా దాకా వెళ్ళొచ్చాడు. 1818లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి డాక్టరుగా బయటికొచ్చాడు. అప్పటి అమెరికాలో శిలాజాల మీద పని చేయడానికి జీతమిచ్చే ఉద్యోగాలంటూ దాదాపు లేవు. పగలు రోగుల్ని చూసుకుని, మిగిలిన టైంలో ఎముకలు పట్టుకుని కూర్చునే డాక్టర్లే ఆ పని నడిపించారు. శవపరీక్ష చేసిన చేతికి ఏ ఎముక ఎక్కడ అతుకుతుందో తెలుస్తుంది కాబట్టి ఈ శాస్త్రం అక్కడ వైద్యుల చేతుల్లో పెరిగింది. ఫిలడెల్ఫియాలో 1812లో మొదలైన నేచురల్ సైన్సెస్ అకాడమీ, అంతకన్నా పాతదైన అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ, చార్లెస్ విల్సన్ పీల్ పెట్టిన మ్యూజియం దగ్గర దగ్గరగానే ఉండేవి. దేశంలో ఎక్కడ వింత ఎముక దొరికినా చివరికి ఆ ఊరికే చేరేది. పీల్ మ్యూజియంలో హార్లన్ జంతువుల శరీర నిర్మాణాన్ని పోల్చి చూపే పాఠాలు చెప్పేవాడు.

1825లో ఆయన ‘ఫౌనా అమెరికానా’ అనే పుస్తకం వేశాడు. ఉత్తర అమెరికా క్షీరదాలన్నిటినీ, బతికున్నవాటితో పాటు అంతరించినవాటినీ, ఒక వరసలో పెట్టి వర్ణించే ప్రయత్నం అది. అమెరికాలో అలాంటి పుస్తకాల్లో మొదటిది. అయితే అందులో చాలా భాగం ఫ్రెంచి శాస్త్రవేత్త డెమరెస్ట్ రచన నుంచి ఎత్తుకొచ్చిందేనని అదే ఊరి డాక్టరు జాన్ గాడ్‌మన్ విరుచుకుపడ్డాడు. హార్లన్ దానికి జవాబుగా ఒక కరపత్రమే అచ్చేయించాడు. గాడ్‌మన్ ఆరోపణలో పస ఉంది. విదేశీ పుస్తకం మీద అంతగా ఆనుకోకుండా, తను స్వయంగా చూసిన జంతువులకే పరిమితమై ఉంటే హార్లన్ పుస్తకం చిన్నదే అయ్యేది, కానీ గట్టిగా నిలబడేది. ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆయన మనుషుల పుర్రెలు కూడా పెద్ద ఎత్తున పోగేశాడు. అదే ఊళ్ళో శామ్యూల్ మోర్టన్ అలాంటి పుర్రెల కొలతల్ని తర్వాత జాతుల మధ్య ఎక్కువ తక్కువలు నిరూపించడానికి వాడాడు. ఆ కాలపు శాస్త్రాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు.

ఇక ఎముకల దగ్గరికి వద్దాం.

లూయిజియానా రాష్ట్రంలో వాషిటా నది దగ్గర వానలకు ఒక గుట్ట జారిపడింది. మట్టి కింద నుంచి వరసగా పెద్ద పెద్ద వెన్నుపూసలు బయటపడ్డాయి. హెన్రీ బ్రై అనే జడ్జి వాటిలో కొన్నిటిని 1832లో ఫిలడెల్ఫియాకు పంపాడు. ఆ తర్వాత అలబామాలోని క్లార్క్ కౌంటీ నుంచి జాన్ క్రే అనే మరో జడ్జి, తన తోట ప్రాంతపు సున్నపురాయిలో దొరికిన ఎముకలు పంపాడు. వాటిలో దవడ ముక్కలు, పళ్ళు కూడా ఉన్నాయి. అలబామాలో ఆ ఎముకలు ఎంత విరివిగా దొరికేవంటే, జనం వాటిని పొయ్యి దగ్గర కట్టెలు నిలపడానికి దిమ్మల్లా వాడుకునేవారు.

హార్లన్ ముందున్న ఒక్కో పూస అడుగుకు మించిన పొడవుంది. వింత ఏమిటంటే, ఆ పూస వెడల్పు కన్నా పొడవు వైపు బాగా సాగి ఉంది. ఇప్పటి పెద్ద తిమింగలాల వెన్నుపూస ఎంత పెద్దదైనా పొట్టిగా, లావుగా ఉంటుంది. ఇదేమో పొడుగాటి మొద్దులా ఉంది. దానికి కొంచెమైనా దగ్గరగా కనిపించినవి ఇంగ్లండులో అప్పుడప్పుడే వెలుగు చూసిన ప్లీసియోసారస్ లాంటి సముద్ర సరీసృపాల పూసలు. దవడ ముక్క చూస్తే లోపల బోలుగా ఉంది. క్షీరదాల కింది దవడ మామూలుగా గట్టిగా, నిండుగా ఉంటుంది. బోలు దవడ సరీసృపాలకే చెల్లుతుందని హార్లన్ లెక్క.

ఇక్కడ కాలాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. అంతకు ఇరవై ఏళ్ళ ముందు నుంచి ఇంగ్లండు తీరంలో మేరీ ఆనింగ్ కుటుంబం ఇక్తియోసారస్, ప్లీసియోసారస్ అస్థిపంజరాలు తవ్వి తీస్తోంది. 1824లో మెగలోసారస్, 1825లో ఇగ్వానడాన్ లోకానికి తెలిశాయి. రాయిలో ఏ భారీ ఎముక కనిపించినా అది పెద్ద బల్లిదే అయి ఉంటుందన్న ఊపు మీద ఉంది శాస్త్రలోకమంతా. ‘డైనోసార్’ అనే మాట ఇంకా పుట్టనే లేదు. మరోవైపు, 4 కోట్ల ఏళ్ళ నాటి తిమింగలం ఎలా ఉండేదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అలాంటి జంతువు ఒకటి ఉండొచ్చన్న ఊహ కూడా లేదు. పోల్చి చూడటానికి సరైన నమూనానే లేనప్పుడు, ఉన్నవాటిలో దగ్గరిదాన్ని ఎంచుకోవడం తప్ప చేయగలిగిందేముంది? హార్లన్ అదే చేశాడు. తన దగ్గరున్న ఎముకలకు ‘బాసిలోసారస్’ అని పేరు పెట్టి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు.

అయితే తన చేతిలోనే ఒక గట్టి సాక్ష్యం ఉండగా దానికి ఇవ్వాల్సిన విలువ ఇవ్వలేదన్నది మాత్రం నిజం. ఆ సాక్ష్యం పళ్ళు.

పళ్ళు ఎందుకంత ముఖ్యమో కాస్త చూద్దాం. మొసలి నోరు తీసుకోండి. పళ్ళన్నీ దాదాపు ఒకే తీరు, మొనదేలి ఉంటాయి. ఒక్కో పంటికి వేరు ఒక్కటే. ఊడినప్పుడల్లా కొత్తది వస్తూ ఉంటుంది. క్షీరదాల నోరు అలా కాదు. ముందు కొరికే పళ్ళు, పక్కన కోరలు, వెనక నమిలే దంతాలు, ఒక్కోటీ ఒక్కో ఆకారం. వెనక దంతాలకు రెండో మూడో వేర్లుండి దవడలోని గుంటల్లో దిగి ఉంటాయి. మన డెంటిస్టు దవడ పన్ను పీకినప్పుడు కనిపించే ఆ చీలిన వేర్లు సరీసృపాలకు ఉండవు. పన్ను శరీరంలో అన్నిటికన్నా గట్టి భాగం కావడంతో కోట్ల ఏళ్ళ తర్వాత కూడా మిగులుతుంది. అందుకే శిలాజాలు చూసేవాళ్ళు మొదట పళ్ళ కోసం వెతుకుతారు.

పంటిని చూసి జంతువును పోల్చడం అమెరికాలో హార్లన్‌తోనో, డాక్టర్లతోనో మొదలవలేదు. ఆయనకు వందేళ్ళ ముందే సౌత్ కెరొలినాలోని స్టోనో అనే చోట తవ్వకంలో భారీ దంతాలు కొన్ని బయటపడ్డాయి. వాటిని చూసిన ఆఫ్రికన్ బానిసలు అందరూ ఒకే మాటగా ఇవి ఏనుగు దవడ పళ్ళని చెప్పారు. ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త మార్క్ కేట్స్‌బీ ఆ సంగతి రాసిపెట్టాడు. వాళ్ళు చెప్పింది నిజం. అవి ఏనుగు జాతికే చెందిన మామత్ పళ్ళు. సొంత దేశంలో ఏనుగుల్ని చూసి ఎరిగిన మనుషులు కాబట్టి వెంటనే పోల్చగలిగారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అమెరికా శిలాజ శాస్త్ర చరిత్ర రాసేటప్పుడు శిలాజాలు పోగేసిన అధ్యక్షుడు జెఫర్సన్, మ్యూజియం పెట్టిన పీల్ పేర్ల కన్నా ముందు ఈ సంఘటన రావాలని నా అభిప్రాయం.

హార్లన్ పేరు పెట్టాక యూరప్‌లో కొందరికి అనుమానాలొచ్చాయి. అప్పుడు ఆయన చేసిన పనే నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ఎముకల్ని పెట్టెలో పెట్టుకుని తనే లండన్ వెళ్ళాడు. అక్కడ రిచర్డ్ ఓవెన్ అనే యువ శాస్త్రవేత్త అప్పటికే రకరకాల జంతువుల పళ్ళను పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తున్నాడు. అట్లాంటిక్ దాటించి తెచ్చుకున్న అరుదైన పళ్ళను కోయడానికి హార్లన్ ఒప్పుకున్నాడు. కోస్తే ఆ భాగం మళ్ళీ రాదు. పైగా ఫలితం తన మాటకే ఎదురు రావచ్చు. అయినా ఒప్పుకున్నాడు.

ఓవెన్ చూసింది ఇదీ. వెనక దంతాలకు రెండేసి వేర్లున్నాయి. మైక్రోస్కోపు కింద పంటి లోపలి కట్టు క్షీరదాలదే. పూసలు పొడుగ్గా ఉన్నా మిగతా లక్షణాల్లో తిమింగలం వైపే మొగ్గుతున్నాయి. మరి బోలు దవడ సంగతి? స్పెర్మ్ వేల్ అనే తిమింగలం దవడ కూడా బోలుగానే ఉంటుందని ఓవెన్ చూపించాడు. 1839లో లండన్ జియలాజికల్ సొసైటీలో ఈ విషయం చదివి, జంతువుకు ‘జ్యూగ్లొడాన్’ అని కొత్త పేరు సూచించాడు. రెండు వేర్ల పంటి ఆకారాన్ని కాడితో పోల్చి పెట్టిన పేరది. హార్లన్ వాదులాడకుండా ఒప్పుకున్నాడు. గాడ్‌మన్‌తో కరపత్రాల యుద్ధం చేసిన మనిషే, ఈసారి సాక్ష్యం కళ్ళముందు కనబడగానే తన మాట వెనక్కి తీసుకున్నాడు.

దీని విలువ తెలియాలంటే ఆరేళ్ళ తర్వాత అదే జంతువు ఎముకలతో జరిగిన ఇంకో తంతు చూడాలి. ఆల్బర్ట్ కోచ్ అనే ప్రదర్శకుడు అలబామాలో తిరిగి ఎముకలు పోగేసి, వాటన్నిటినీ ఒకదాని వెనక ఒకటి గుచ్చి 114 అడుగుల సముద్ర సర్పాన్ని తయారుచేశాడు. హైడ్రార్కోస్ అని పేరు పెట్టి 1845లో న్యూయార్క్‌లో టికెట్టు మీద చూపించాడు. జనం విరగబడి చూశారు. జెఫ్రీస్ వైమన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెళ్ళి చూసి అసలు సంగతి తేల్చాడు. ఆ పళ్ళు క్షీరదానివి, ఆ పూసలు ఒక్క జంతువువి కావు, వేర్వేరు వయసుల జంతువులవి. కోచ్ తన జంతువుకు యేల్ ప్రొఫెసర్ బెంజమిన్ సిలిమన్ పేరు కలిపితే, ఆయన తన పేరు తీసేయమన్నాడు. ఇంత గొడవయ్యాక కూడా కోచ్ ఆగలేదు. దాన్ని యూరప్ తీసుకెళ్ళి ప్రష్యా రాజుకు అమ్మాడు. మళ్ళీ అలబామా వెళ్ళి ఇంకోటి కట్టాడు. అది చికాగో చేరి 1871 నాటి మహా అగ్నిప్రమాదంలో కాలిపోయింది. హార్లన్, కోచ్ ఇద్దరూ అదే జంతువును సరీసృపం అన్నవాళ్ళే. ఒకరు ఎముకల్ని పరీక్షకు పెట్టారు, ఇంకొకరు పరీక్షను తప్పించుకు తిరిగారు.

మరి తప్పని తేలాక పేరు ఎందుకు మార్చలేదు? జంతుశాస్త్రంలో ముందు పెట్టిన పేరుకే హక్కు. 1842లో బ్రిటన్‌లో హ్యూ స్ట్రిక్‌లండ్ నాయకత్వంలో ఒక కమిటీ ఈ నియమాన్ని రాతపూర్వకంగా పెట్టింది. ఇప్పటి అంతర్జాతీయ నియమావళి కూడా దాని మీదే నడుస్తోంది. పేరు అర్థవంతంగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. జంతువును అందరూ ఒకే గుర్తుతో పిలవడమే అక్కడ ముఖ్యం. లేకపోతే కొత్త సంగతి తేలినప్పుడల్లా పేరు మార్చాలి. అప్పుడు వందేళ్ళ నాటి వ్యాసం చదివేవాడికి ఏ జంతువు గురించి రాశారో అర్థమే కాదు. మన ఊళ్ళలో చెరువు పూడిపోయి కాలనీ వచ్చినా ఆ చోటు పేరు చెరువుకట్టగానే మిగిలిపోయినట్టు, ఇదీ అలాగే మిగిలింది. ఓవెన్ పెట్టిన జ్యూగ్లొడాన్ పంతొమ్మిదో శతాబ్దమంతా చాలామంది నోళ్ళలో నలిగింది గానీ నియమం ముందు నిలబడలేదు. చివరికి జంతువు పూర్తి పేరు బాసిలోసారస్ సీటాయిడెస్ అయింది. మొదటి మాట హార్లన్‌ది. రెండోది ఓవెన్‌ది, తిమింగలాన్ని పోలినదని దానర్థం. వాళ్ళిద్దరి మధ్య నడిచిన చర్చంతా ఆ రెండు మాటల్లో ఉంది.

హార్లన్ ఖాతాలో ఇంకో ఎముక కథ ఉంది. అది దీనికి సరిగ్గా తలకిందులు. బాసిలోసారస్‌కు పేరు పెట్టిన 1834లోనే మిజోరీ నది ప్రాంతం నుంచి వచ్చిన ఒక మూతి ముక్కను చూసి, బల్లి కాని, చేప ఆకారపు సరీసృపం ఇక్తియోసారస్ జాతిదని రాశాడు. అది నిజానికి మోససారస్ మూతి. మోససార్లు మన ఉడుముల వంశానికి దగ్గరి సముద్ర సరీసృపాలు, అంటే అచ్చమైన బల్లి కుటుంబం. తిమింగలాన్ని బల్లి అన్న మనిషి, చేతికి అసలు బల్లే చిక్కినప్పుడు ఇంకేదో అనుకున్నాడు. ఆ మూతి వెనకాల ఉండాల్సిన మిగతా అస్థిపంజరం జర్మనీ యువరాజు మాక్సిమిలియన్ ద్వారా బాన్ నగరం చేరింది. 1845లో అక్కడి శాస్త్రవేత్త గోల్డ్‌ఫుస్ దాన్ని వర్ణించాడు, మూతి కొస ఒక్కటే లేదని కూడా గమనించాడు. హార్లన్ వర్ణించిన ముక్క ఎక్కడుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఈ శతాబ్దం మొదట్లో ప్యారిస్ మ్యూజియంలో కనిపించింది. పరిశోధకులు పోల్చి చూస్తే, రెండూ ఒకే జంతువువని తేలింది. ఒక జంతువు తల ప్యారిస్‌లో కొంత, బాన్‌లో కొంత నూట డెబ్భై ఏళ్ళు విడివిడిగా ఉండిపోయింది. హార్లన్ ఆ ముక్కకు పెట్టిన జాతి పేరు ‘మిజోరియెన్సిస్’ మాత్రం మోససారస్ పక్కన ఇప్పటికీ చలామణిలో ఉంది.

ఆయన 1843లో న్యూ ఆర్లియన్స్‌లో చనిపోయాడు, నిండా యాభై ఏళ్ళు లేవు. అప్పటికి జీవపరిణామం మీద డార్విన్ పుస్తకం ఇంకా రాలేదు. తిమింగలాలు ఒకప్పుడు నేల మీద నడిచిన జంతువుల సంతానమన్న ఆలోచన హార్లన్‌కు గానీ ఓవెన్‌కు గానీ తట్టే వీలే లేదు. ఆ కథలో బాసిలోసారస్‌కున్న చోటు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈజిప్టు ఎడారిలో వాది అల్ హితాన్ అనే లోయ ఉంది. ఒకప్పుడు సముద్రం. ఇప్పుడు ఇసుక మీద వందల తిమింగలాల అస్థిపంజరాలు పరుచుకుని ఉన్నాయి. అక్కడ ఫిలిప్ జింజరిచ్ బృందం 1989లో బాసిలోసారస్ వెనక కాళ్ళు వెలికితీసింది. అంత పొడుగాటి జంతువుకు రెండడుగులు కూడా లేని బుల్లి కాళ్ళు. మోకాలు ఉంది, మడమ ఉంది, వేళ్ళున్నాయి. ఆ కాళ్ళతో నడవడం అసాధ్యం, కానీ ఒకప్పుడు నడిచిన పూర్వీకులున్నారని చెప్పడానికి అవి చాలు.

ఆ పూర్వీకుల జాడ చాలావరకు మన ఉపఖండంలోనే దొరికింది. పాకిస్తాన్‌లో పాకిసీటస్, గుజరాత్ కచ్ఛ్‌లో రెమింగ్టనోసీటస్, కచ్ఛిసీటస్. అశోక్ సాహ్ని, విజయ్ ప్రకాశ్ మిశ్రా, సునీల్ బాజ్‌పాయ్ లాంటివాళ్ళు కచ్ఛ్ శిలాజాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. వాటికన్నా దూరపు చుట్టం ఇంకోటి ఉంది. జమ్మూ ప్రాంతంలో రాజౌరీ జిల్లా కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త సేకరించిన ఎముకల్లోంచి 1971లో ఇండోహయస్ అనే జంతువును గుర్తించారు. జింకలా గిట్టలున్న చిన్న జీవి. ఆయన పోగుచేసిన రాళ్ళు చాలా అలాగే పగలగొట్టకుండా ఉండిపోయాయి. ఆయన పోయాక ఆయన భార్య వాటిని హాన్స్ థెవిసన్ అనే పరిశోధకుడికి ఇచ్చారు. ల్యాబ్‌లో ఒక పుర్రె పొరపాటున పగిలి చెవి ఎముక బయటపడితే, ఆ ఎముక గోడ ఒక పక్క దళసరిగా ఉంది. చెవిలో అలాంటి దళసరి గోడ తిమింగలాల ప్రత్యేక లక్షణమని శాస్త్రవేత్తల లెక్క. 2007లో ఈ సంగతి అచ్చయ్యాక తిమింగలాల పుట్టుక మీద చర్చే మారిపోయింది.

చెవి గురించి తెలిసేకొద్దీ హార్లన్‌ను తికమకపెట్టిన బోలు దవడ గుట్టు కూడా విడిపోయింది. నీళ్ళలో శబ్దం మనకు వినిపించినట్టు బయటి చెవి గుండా సరిగ్గా వినబడదు. పళ్ళున్న తిమింగలాల్లో శబ్దం కింది దవడ ద్వారా లోపలికి వెళ్తుంది. ఆ దవడ వెనకభాగం బోలుగా ఉండి, అందులో నిండిన కొవ్వు శబ్దాన్ని చెవి ఎముక దాకా మోసుకుపోతుంది. ఇండోహయస్ దవడలో ఆ బోలు లేదు. పాకిసీటస్‌లో రంధ్రం చిన్నది. కచ్ఛ్ తిమింగలాల్లో పెద్దదైంది. బాసిలోసారస్ వచ్చేసరికి ఇప్పటి తిమింగలాల స్థాయికి చేరింది. హార్లన్ 1834లో సరీసృపమని రాయడానికి కారణమైన ఆ బోలునే ఇప్పటి పరిశోధకులు ఒక తిమింగలం నీటి జీవితంలో ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి కొలుస్తున్నారు.